ఏడో చాటింపు

కోనప్పకు మతి చలించిందని దిగువ వీధిలో మొదట అన్నది మజ్జిగ కాటమ్మేనట. కాటమ్మ నోటి నుంచి నేరుగా విన్నవాళ్లం మనం కాదు. ఆమె తోడికోడలితో అన్నదట, తోడికోడలు దంపుడు రోళ్ల దగ్గర నలుగురిలో అన్నదట, ఆ నలుగురిలో ఒకామె పెనిమిటి సంతలో ఉప్పు కొంటూ మనవాళ్ల చెవిన వేశాడు. మాట నోళ్లు మారేకొద్దీ కొంత నెయ్యి, కొంత కారం కలుస్తాయి కాబట్టి మొదటి రుచి ఎట్లా ఉండేదో తెలియదు. మనదాకా వచ్చింది మాత్రం ఇది:

"ఎవడో ఇడిచిపెట్టిపోయిన బిడ్డకు ఈయప్ప తొమ్మిదేండ్లు అన్నం పెట్టినాడు. సరే, పుణ్యం. ఇంట్లో ఉండే బిడ్డను ఇంట్లోనే సాక్కోక, నా బిడ్డేనని రాజముద్ర కావాలంట. దానికోసం డప్పు మెడకేసుకోని ఏడు మజిలీలు తిరగతాడంట. ముద్ర లేకుంటే ఆ పిల్లకు ముద్ద దిగదా?"

కాటమ్మ ఆ మాట అన్న మూడోనాడే, ముద్ర ఎందుకో ఊరందరికీ తెలిసివచ్చింది.

పట్టపగలు, కళ్లంలో ఆ పిల్ల వకుళ ధాన్యం తూర్పారబడుతుండగా ఆకాశం నుంచి పొగతో చేసిన గద్ద ఒకటి దిగింది. దాని రెక్కల నీడకు కళ్లం సగం చల్లబడింది. ముక్కున తాటాకు ఉంది. ఊళ్లోని మగవాళ్లు గొడ్డళ్లు పట్టుకొని పరుగెత్తుకొచ్చారు. కరణం ఆ తాటాకు చదివాడు: "నా బిడ్డను నేను తీసుకుపోతున్నాను. అడ్డు వచ్చినవాడు రాజధర్మానికి అడ్డు వచ్చినవాడు. ఇట్లు, కన్నతండ్రి ధూమకంఠుడు." చదివినంతసేపు విని, మగవాళ్లు గొడ్డళ్లు దించారు. చట్టం వాడి పక్కన ఉంది మరి. గద్ద పన్నెండేళ్ల పిల్లను గోళ్ల మధ్య గువ్వలా పట్టుకొని కాకిబండ కొండల వైపు ఎగిరిపోయింది.

ఆ ధూమకంఠుడు ఒకప్పుడు ఆ ఊరి సోమప్పే. మంత్రవిద్య పిచ్చి పట్టి, కట్టుకున్న చెన్నాంబను విడిచి కొండలెక్కాడు. చెన్నాంబ కొన్నేళ్లు చూసి, మూడేళ్ల కూతురిని చంకనేసుకొని నీరుగంటి కోనప్పను మారుమనువాడింది. నీరుగంటి అంటే చెరువు తూములకు కాపరి. ఏ మడికి ఎన్ని గడియలు నీళ్లు వదలాలో, ఎప్పుడు తూము బిగించాలో అతని చేతిలో ఉంటుంది. అటువంటివాడికి ఊళ్లో మర్యాద ఎక్కువ, నిద్ర తక్కువ.

సోమప్పకు ఇన్నేళ్లకు కూతురు ఎందుకు గుర్తొచ్చిందంటే, కొండమీద వాడొక పొగపీఠం కట్టాడు. సొంత బిడ్డను, పన్నెండేళ్లు నిండినదాన్ని, పున్నమి నాడు తన చేత్తో ఆ పీఠమెక్కిస్తే వాడికి వెయ్యేళ్ల ఆయుష్షు. ఎక్కిన బిడ్డ పొగగా మారి, ఆ వెయ్యేళ్లూ కోట చుట్టూ కాపలా తిరగాలి. అయితే మంత్రంలో ఒక మెలిక ఉంది. ధారపోసేది తనదై ఉండాలి. పరాయి సొత్తు పోస్తే మంత్రం తిరగబడి పోసినవాణ్ణే మింగుతుంది. అందుకని అంతటి మాంత్రికుడూ చట్టాన్ని అక్షరం దాటకుండా పట్టుకు వేలాడుతున్నాడు.

శ్యామలధార రాజ్యంలో దత్తతకు చట్టం ఇది. కన్నవాడు వచ్చి తన చేత్తో నీళ్లు ధారపోస్తే సరి. రాకుంటే, పెంచినవాడు ఏడు మజిలీల్లో డప్పు కొట్టి కన్నవాణ్ణి పేరు పెట్టి పిలవాలి. పిలిచిన ప్రతిచోటా గడియకుడుకను, అంటే అడుగున సన్నని బెజ్జమున్న రాగి గిన్నెను, నీళ్లమీద తేలవేయాలి. అది మునిగేదాకా ఎదురుచూడాలి. ఏడో పిలుపు కన్నవాడు నివసించే ఇంట్లోనే, వాడి చెవిన పడేటట్టు జరగాలి. గిన్నె మునిగేలోగా వాడు పలక్కపోతే హక్కు తెగినట్టే. పలికి "నాది" అన్నాడంటే, అప్పుడు బిడ్డను అడగాలి. పన్నెండేళ్లు నిండిన బిడ్డ నోటి మాటను ధర్మాసనం సాక్షి విని, మోసుకొచ్చి ధర్మాధికారికి అప్పజెప్పాలి. ఆ మాటే తీర్పు.

కోనప్ప ఆరు మజిలీల్లో డప్పు కొట్టాడు. ఆరు చోట్లా గిన్నె మునిగింది. ఏడోది కాకిబండ కోట. ఎల్లుండి పున్నమి.

*

ధర్మాసనం వారు కోనప్ప వెంట పంపిన సాక్షి పేరు అంకప్ప. అరవై దాటిన మనిషి, తెల్లని తలపాగా, చేతిలో రాజముద్ర ఉన్న పొట్టికర్ర, నడుముకు తాటాకుల కట్ట. ఆ కర్ర ఉన్నవాడి మీద చెయ్యి వేస్తే చెయ్యి వేసినవాడి హక్కులన్నీ ఒక్క దెబ్బకు పోతాయి. కాబట్టి పులులు తప్ప అంకప్పను ముట్టేవాళ్లు లేరు. అంకప్పకు నాలుగు కట్టుబాట్లు. చూడాలి. వినాలి. అబద్ధమాడకూడదు. సాయం చేయడం గాని, అడ్డం పడడం గాని కూడదు.

ఈ కట్టుబాట్లు ఎంత గట్టివో కోనప్పకు కొండ సగమెక్కాక తెలిసింది. అక్కడ దారి రెండు బండల మధ్య అడుగు వెడల్పున సాగుతుంది. కింద లోయలో మేఘాలు కడుగుతున్న బియ్యంలా తెల్లగా సుడి తిరుగుతున్నాయి. పైన బండ అంచున వరసగా కూచున్న రాతి రాబందుల్లో ఒకటి మెడ తిప్పింది. ఇసుక రాలింది. మరుక్షణం అది పెళ్లుమని రెక్కలు విప్పి మీదికి దూకింది.

కోనప్ప ఒక్క గెంతున బండకు కరుచుకొని, వీపునున్న చలగపార లాగాడు. పక్షి గోళ్లు అతని తలగుడ్డను చీల్చుకుపోయాయి. తిరిగి వచ్చేసరికి అతడు పారను అడ్డంగా కాదు, గట్టు తెంపేటప్పుడు వేసినట్టు ఏటవాలుగా వేశాడు. రాతిరెక్క మొదలంటా తెగి లోయలో పడింది. పక్షి ఒంటిరెక్కతో గిరగిరా తిరుగుతూ దాని వెనకే పోయింది.

కోనప్ప ఒక కాలు గాలిలో వేలాడుతుండగా, "అన్నా, చెయ్యి" అన్నాడు.

అంకప్ప తాటాకు తీసి గంటంతో రాసుకుంటున్నాడు. "రాబందు ఒకటి. రెక్క తెగినది. అర్జీదారుడు వేలాడుతున్నాడు. చెయ్యి ఇయ్యగూడదు నాయనా, నువ్వే ఎగబాకు."

"పడితే?"

"అదీ రాసుకుంటా."

కోనప్ప ఎగబాకాడు.

కోట కనిపించే మలుపులో ఇద్దరూ ఆగారు. కోనప్ప తన గుడ్డలు మార్చి గాజుల వర్తకుడి వేషం కట్టాడు. పారకర్రకే గాజుల మలారం వేలాడదీశాడు. పార ఆకును గుడ్డలో చుట్టాడు. డప్పును, గడియకుడుకను గాజుల మూట అడుగున దాచాడు. నల్లరేగడి బీటల్లాంటి ఆ చేతులతో గాజులు తగిలిస్తూ అప్పటికే ఏడు జతలు చిట్లగొట్టాడు.

"నన్నెవరైనా అడిగితే నిజమే చెప్తా. ముందే చెప్తున్నా" అన్నాడు అంకప్ప.

కోనప్ప సంచిలో ఉన్న తమలపాకులన్నీ తీసి అతని చేతిలో పెట్టాడు. "ఆకులేసుకోడానికి నీ కట్టుబాట్లేమన్నా అడ్డమా?"

"కాదు."

"అట్లయితే ఉన్నవన్నీ ఒకేపారి ఏసుకో."

కోట ద్వారం ఏమని చెప్పాలి. కాటుకరాయిని కోసి నిలబెట్టిన రెండు గోపురాలు, వాటి మధ్య పడగలు పెనవేసుకున్న ఇత్తడి నాగుల తలుపులు, ఆ నాగుల కళ్లలో కెంపులు. గోపురాల మీద బంగారు కలశాల బదులు పొగ కలశాలు. గాలి వీచినా చెదరవు, మెల్లగా సుళ్లు తిరుగుతూ నిలిచి ఉంటాయి. మధ్యాహ్నపు ఎండ ఆ పొగలో పడి నెమలిపింఛంలా విరుగుతోంది. అంత అందం ముందు తలుపు కాపరి గుండోదరుడు గోచి పెట్టుకొని జొన్నరొట్టె తింటున్నాడు.

"యాడికిరా?"

"గాజులు తెచ్చినా సామీ. కొత్తగా ఆడబిడ్డ వచ్చిందంట గదా కోటకు."

"వీడెవడు?"

అంకప్ప రెండు బుగ్గలూ పొంగి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఎర్రని రసం గడ్డం మీదికి జారింది.

"మూగోడా?"

"కాదు సామీ. నోరు ఖాళీ ఉండదు" అన్నాడు కోనప్ప. అదీ నిజమే.

గుండోదరుడు ఒక డజను గాజులు తన పెండ్లానికని లాక్కొని తలుపు తీశాడు.

లోపల స్ఫటికపు మెట్ల మీద స్ఫటికపు నెమళ్లు. పచ్చల తీగలు పాకిన మండపాలు. ఎక్కడా ఒక్క నిజమైన ఆకు లేదు. దాసీలు కుండలతో కోట వెనక ఊటబావికి వరస కట్టి నడుస్తున్నారు. వాళ్ల పెదవులు ఎండి ఉన్నాయి. కోనప్ప వాళ్లకు గాజులు చూపుతూ, కబుర్లడుగుతూ, కొత్త పిల్లను పీఠమండపంలో ఉంచారని తెలుసుకున్నాడు. మండపం యాభై అడుగుల దూరంలో ఉంది. తిన్నగా నడిచిపోయి డప్పు తీస్తే పని అయిపోతుందనుకున్నాడు. మొదటి దెబ్బ పడిందంటే, గిన్నె మునిగేదాకా పిలిచినవాణ్ణి ముట్టుకునే అధికారం ఎవరికీ లేదు.

అక్కడే వచ్చింది చిక్కు.

దారి పక్కన పెద్ద రాతితొట్టి ఉంది. కొండ ఊట దానిలో పడుతుంది. తొట్టి నుంచి ఒక రాతికాలువ మండపం లోపలికి పోతోంది, కాని కాలువ ఎండిపోయి బూజుపట్టింది. ఎందుకంటే తొట్టి అడుగున తూము పక్కన బారెడు బీట ఉంది. వచ్చిన నీళ్లన్నీ ఆ బీటగుండా కొండలోకి, ఎవరికీ పనికిరాకుండా, గలగలా పోతున్నాయి. ఎన్నేళ్లుగా పోతున్నాయో. అన్ని మంత్రాలు తెలిసిన కోటలో ఆ బీటకు ఇంత మట్టి మెత్తేవాడు లేడు.

కోనప్ప ఆగాడు. రెండడుగులు ముందుకేశాడు. మళ్లీ ఆగాడు.

అంకప్ప కళ్లు పెద్దవి చేశాడు. చెయ్యి ఊపలేడు, వద్దనలేడు. అడ్డం పడడం కూడదు.

తేలు కుట్టినా ఓర్చుకోవచ్చు గాని నీరుగంటికి పారిపోయే నీళ్ల చప్పుడు ఓర్చుకోవడం కుదరదు. కోనప్ప మలారం దించాడు. గుడ్డ విప్పి పార తీశాడు. మోకాళ్ల మీద కూచొని, అడుగునున్న బంకమన్ను తవ్వి, ఎండుగడ్డి మెలిపెట్టి కలిపి, బీటలో పొరమీద పొర దట్టించి, మడమతో తొక్కి, పైన రాతిపలక ఒకటి ఏటవాలుగా వేశాడు. అరగడియ పని. చప్పుడు ఆగిపోయింది. అతడు లేచి, చేతులు దులుపుకొని, తృప్తిగా చూసుకున్నాడు.

వెనక గుండోదరుడు రొట్టెముక్క చేతిలో పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"ఒరే గాజులోడా. గాజులమ్మేవాడికి తూము తొక్కడం యాడ వచ్చిందిరా?"

కోనప్ప పార అందుకోబోయాడు. అప్పటికే ఇరవైమంది భటులు మీద పడ్డారు. ముగ్గురిని తొట్టిలో వేశాడు, ఒకణ్ణి స్ఫటికపు నెమలి మీదికి విసిరాడు, నెమలి పగిలింది. చివరికి చేతులు విరిచి కట్టారు. గాజుల మూటతో సహా మండపంలోకి ఈడ్చుకుపోయారు. వెనక ఇత్తడి నాగుల తలుపులు మూసుకున్న చప్పుడు కోటంతా మోగింది. అంకప్ప ఆకులు నములుతూ వెంట నడిచాడు.

*

మండపం మధ్య తొమ్మిది మెట్ల పొగపీఠం. పీఠం కింద చల్లారని నిప్పులగుండం. దాని ముందు ధూమకంఠుడు పులితోలు మీద కూచొని ఉన్నాడు; జడలు నేలను తాకుతున్నాయి, మాట్లాడితే నోటి నుంచి సన్నగా పొగ వస్తుంది. పక్కన రత్నాల ఆసనం మీద, మొయ్యలేనన్ని నగలతో వకుళ. ఏడ్చిన గుర్తులు లేవు. కోనప్పను చూడగానే లేవబోయింది, నగల బరువుకు మళ్లీ కూచుంది. అతని చేతులకున్న బంకమన్ను చూసింది.

"నాయనా, దావలో గూడా పనేనా?" అంది.

"తూము కారతా ఉండెనమ్మా" అన్నాడు కోనప్ప, సిగ్గుపడుతూ.

ధూమకంఠుడు నవ్వాడు. "నీరుగంటీ, ఆరు మజిలీలు డప్పు కొట్టినావంట. విన్నా. ఈ కోటలో కొట్టు చూద్దాం. డప్పు ఉంటే చాలదు, గిన్నె తేలెయ్యాలంటే నీళ్లు కావాల. ఈ మండపంలో నీళ్ల చుక్క ఉండదు. నీకు ఒక్క దోసెడు తెచ్చిచ్చేవాడు నా కోటలో పుట్టలేదు. సాక్షి తాతకా, సాయం చెయ్యగూడదు." భటుల వైపు తిరిగాడు. "చేతుల కట్లు విప్పండి. వాని డప్పు వానికియ్యండి. ఆపలేదని సాక్షి రాసుకోవాల. తర్వాత లోయలోకి తొయ్యండి."

కట్లు విప్పారు. డప్పు, రాగి గిన్నె అతని ముందు పడేశారు. కోనప్ప గిన్నె చేతిలోకి తీసుకొని అటూ ఇటూ చూశాడు. ఎండిన కుండలు. ఎండిన నేల. భటులు ఈటెలు సరిచేసుకుంటున్నారు.

అప్పుడు విన్నాడు. ఆ చప్పుడు వినడానికి పుట్టిన చెవులు అవి. గోడవారన రాతికాలువలో బూజును చీల్చుకుంటూ, దుమ్మును ముందుకు నెట్టుకుంటూ, ఎర్రని నీటినాలుక ఒకటి మండపంలోకి వచ్చింది. దాని వెనక జానెడు నీళ్లు. ఆ వెనక మూరెడు. తొట్టి నిండింది, తూము తన పని తాను చేస్తోంది. కాలువ పీఠాన్ని చుట్టి నిండుతుంటే, నిప్పులగుండం అంచు సుయ్యిమంది.

ధూమకంఠుడు మొదటిసారి లేచి నిలబడ్డాడు.

కోనప్ప గిన్నెను నీళ్లమీద వదిలాడు. డప్పు మెడకేసుకొని మొదటి దెబ్బ వేశాడు. భటులు ఎత్తిన ఈటెలు దించారు. స్ఫటికాలు గలగలలాడాయి.

"సోమప్పా. శ్యామలధార రాజధర్మం ప్రకారం ఏడోపారి పిలస్తా ఉండా. చెన్నాంబ బిడ్డ వకుళను నేను నా బిడ్డగా రాయించుకుంటా ఉండా. నీళ్లు పొయ్యి, లేదంటే పలుకు."

గిన్నెలో సన్నని ధార ఉబికి లేస్తోంది. అంకప్ప నమిలినదంతా ఒక మూలకు ఉమ్మి, గొంతు సవరించుకొని, కొత్త తాటాకు తీశాడు.

"నాది" అన్నాడు ధూమకంఠుడు. ఆ మాటతోపాటు వచ్చిన పొగ కప్పుదాకా లేచింది. "సాక్షీ, రాసుకో. ఆ ముక్కు నాది. ఆ నొసలు నాది. ఆ పిల్ల ఒంట్లో పారేది నా నెత్తురు. దానికి ఏడు గుర్రాల పొగరథం ఇస్తా. తొమ్మిది మెట్ల సింహాసనం ఇస్తా. వెయ్యేళ్లు ఈ కొండలన్నీ దాని కనుసన్నల్లో ఉంటాయి. ఈ మట్టిచేతులోడు ఏమిస్తాడో అడుగు."

అంకప్ప కోనప్ప వైపు తిరిగాడు.

కోనప్ప డప్పు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. అతని తలగుడ్డ చినిగి ఉంది, మోకాళ్లకు బురద ఉంది. అయినా ఆ మండపంలో నిటారుగా నిలబడ్డవాడు అతనొక్కడే అనిపించింది.

"ఇచ్చేదానికి నా దగ్గర రథాల్లేవు. మూడేండ్లప్పుడు తల్లి చంకనెక్కి నా ఇంటికొచ్చింది. మూడు నెల్లు నాతో పలకలేదు. నేనూ తొందర పెట్టలే. చెరువు కట్ట మీద నేను పోతా ఉంటే ఇరవై అడుగులు ఎనకాల వచ్చేది. ఒకనాడు పది అడుగులు. ఒకనాడు చెయ్యి పట్టుకుంది. ఈత నేర్పినా. తూము బిగించడం నేర్పినా. మా వంశంలో ఆడబిడ్డకు ఎవురూ నేర్పలే, నేను నేర్పినా. పోయిన వానాకాలం నాకు జ్వరమొస్తే, అర్ధచెరువు నీళ్లు ఊరి మీద పడకుండా పెద్దతూము దించింది ఈ బిడ్డే. ఊరంతా నా పేరు చెప్పుకున్నారు. ఆ పొద్దు అనుకున్నా, ఇది నా బిడ్డని రాసుంటే ఎంత బాగుండునని. నా కోసమే. దానికి లోటని కాదు."

భటుల్లో ఒకడు ఈటె చేతులు మార్చుకున్నాడు. నీళ్లు రెండో మెట్టు ఎక్కాయి. గిన్నె సగం మునిగింది.

"బిడ్డా" అన్నాడు అంకప్ప, గంటం పట్టుకొని. "ఇంక అడగాల్సింది నిన్నే. మంత్రం కట్టిన నోటిమాట చెల్లదు, ఎవురూ నిన్ను ముట్టుకోరు. తొందర లేదు. గిన్నె మునిగేదాకా గడువుంది."

వకుళ మెడలోని హారాలు ఒక్కొక్కటి తీసి ఆసనం మీద పెట్టింది. చేతి కడియాలు తీసింది. తేలికయ్యాక లేచి, నీళ్లలోకి దిగి, కోనప్ప పక్కకు వచ్చి నిలబడింది. వెనక భటులు తలుపులకు అడ్డంగా మూడు వరసలు కట్టారు. గుండంలో నిప్పులు చిటచిటలాడుతూ ఆరుతుంటే పొగ మండపమంతా కమ్ముతోంది; ఆ పొగలోంచి గద్దముక్కులు, గద్దగోళ్లు రూపు కడుతున్నాయి. గిన్నె మునిగిన క్షణాన అన్నీ విరుచుకుపడతాయని అందరికీ తెలుసు.

ధూమకంఠుడు నీళ్లు తగలకుండా పీఠమెక్కి, తొమ్మిది మెట్ల మీంచి చెయ్యి చాచాడు. ఆ గొంతులో మొదటిసారి పొగ లేదు.

"వకుళా, నా మొగం చూసి చెప్పు. నిన్ను కన్నవాణ్ణి నేను."

వకుళ అతని ముఖంలోకే చూసింది.

"నేను ఈ నాయన బిడ్డను. నన్ను కన్నది మా యమ్మ. ఆ పొద్దు నువ్వు ఊళ్లో గూడా లేవు."